పదకొండో పండు

మా బావని ఊరంతా పదిపళ్ళాయన అంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని ముందు ఆయన నోటి వంక చూస్తారు. నోట్లోవి భేషుగ్గా ఉన్నాయి, అరవైకి దగ్గర పడుతున్నా ఒక్కటీ కదల్లేదు. ఆ పది పళ్ళు వేరు. అవి ఎండుద్రాక్ష పళ్ళు. ఆయన ఉద్యోగం, వైద్యం, సంసారం, లోకజ్ఞానం అన్నీ ఆ పదిలోనే ఇమిడిపోయాయి.

నేను ఆయన బామ్మర్దిని. వీధి మలుపులో మందుల షాపు నాది. కాబట్టి నేను చెప్పేదాంట్లో కాస్త కడుపుమంట ఉంటుంది. ముందే ఒప్పేసుకుంటున్నాను. తొమ్మిదేళ్ళపాటు నా కష్టాన్ని ఎండుద్రాక్ష ఖాతాలో జమ చేసుకున్న మనిషి మీద నాకు కడుపుమంట కాకపోతే ఇంకేం ఉంటుంది?

ఊరి చివర రేకుల షెడ్డులో ఎండుద్రాక్ష ప్యాకింగ్ చేస్తారు. బావ పంతొమ్మిదో ఏట అక్కడ ట్రేలు కడగడానికి చేరాడు, ఏడాది తిరక్కుండా సరుకు చూసి రకం తేల్చే పనికి మారాడు. తోటల నుంచి ఎండిన పళ్ళు చెక్కపెట్టెల్లో వస్తాయి. లోపల పొడవాటి బల్ల ముందు ఆడవాళ్ళు కూచుని కాడలు ఏరతారు, తర్వాత కడుగుతారు, ఆరబెడతారు, ప్యాకెట్లలో పోస్తారు. కానీ ఏ పెట్టె అయినా ఆ బల్ల దాకా పోవాలంటే ముందు మా బావని దాటాలి. ఆయన చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి, పెట్టెలోకి దూర్చి, పైనుంచి రెండు, అడుగు నుంచి నాలుగు, మూలల్లోంచి నాలుగు, మొత్తం పది పళ్ళు తీస్తాడు. తెల్లటి పింగాణీ పళ్ళెంలో పరుస్తాడు. కాడ మిగిలిందేమో చూస్తాడు. వేళ్ళ మధ్య దొర్లించి తేమ చూస్తాడు. ఒకదాన్ని చెవి దగ్గర పెట్టుకుని నొక్కుతాడు, ఎందుకో నాకు ఇప్పటికీ తెలీదు, అడిగితే 'నీకు వినపడదులే' అంటాడు. ఆఖర్న ఒకటి కొరుకుతాడు. పదికి పదీ బాగుంటే మొదటి రకం. ఒకటి పోతే రెండో రకం. రెండు పోతే పెట్టె వచ్చిన దారినే వెనక్కి.

ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఆయన తీర్పు తప్పిన పెట్టె ఒక్కటి కూడా లేదంటారు. అనేది ఎక్కువగా ఆయనే అనుకోండి. కానీ షెడ్డు మేనేజరు కూడా కాదనడు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కేమిటంటే, ఆయన షెడ్డు నుంచి ఇంటికొచ్చేటప్పుడు చొక్కా చెయ్యి దించుకుంటాడు గానీ ఆ పది లెక్క మాత్రం దించడు. పేపర్లో పది లైన్లు చదివి దేశం సంగతి చెప్పేస్తాడు. సినిమా పది నిమిషాలు చూసి లేచొచ్చి కథ మొత్తం చెబుతాడు, తప్పు చెబుతాడు. కూతురికి సంబంధం వచ్చినప్పుడు అబ్బాయి తరఫు వాళ్ళలో సరిగ్గా పది మందితో మాట్లాడి వచ్చి, "ఒకడు పుల్లగా ఉన్నాడు. రెండో రకం కింద తీసుకోవచ్చు" అన్నాడు. అల్లుడికి ఈ సంగతి ఇప్పటికీ తెలీదు. ఓడ మీద ఉద్యోగం, ఆర్నెల్లకోసారి వస్తాడు, మావగారంటే చచ్చేంత గౌరవం.

మా అక్కని చేసుకోవడానికి మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు కూడా అంతే. పది ప్రశ్నలు అడిగాడు. తొమ్మిదింటికి అక్క నిజమే చెప్పింది. పదో ప్రశ్న, "ఎండుద్రాక్ష ఇష్టమేనా?" అని. అక్క ఆయన మొహం వంక ఒకసారి చూసి, "ఇష్టమే" అంది.

పక్క గదిలో తలుపు సందులోంచి వింటున్న నేను నోరు తెరిచాను. మా అక్కకి ఎండుద్రాక్ష అంటే పడదు. నోట్లో మెత్తగా, తోలుతోలుగా తగిలిందంటే కడుపులో తిప్పేస్తుంది. చిన్నప్పుడు దాని కేకు ముక్కలోంచి కిస్మిస్‌లన్నీ ఏరి నా ముక్కలో గుచ్చేది. అలాంటిది ఆ రోజు తల వంచుకుని, ఇష్టమే అంది. బావ అక్కని మొదటి రకం కింద రాసేసుకున్నాడు. ఆయన తీర్పు తప్పిన పెట్టె లేదన్నాను కదా. ఒకటుంది.

ఎండుద్రాక్ష ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలతో ఒక పట్టిక ఉంటుంది. చక్కెర ఇంత, పీచు ఇంత, పొటాషియం ఇంత, ఇనుము ఇంత అని. బావకి అది కంఠతా వచ్చు. ఎవరైనా అలసటగా ఉందంటే పాపం, వదిలిపెట్టడు. "ద్రాక్షలో నీళ్ళు పోయి సారం మిగిలిందే ఎండుద్రాక్ష. మూడొంతులు చక్కెర దగ్గర దగ్గర. నీరసం మాయం. పీచు ఉంది, పొట్ట శుభ్రం. పొటాషియం ఉంది, గుండెకి మంచిది. ఇనుముంది, రక్తం పడుతుంది. రాత్రి పది పళ్ళు నానబెట్టుకో, పొద్దున్నే తిను, ఆ నీళ్ళు తాగు." అందులో అబద్ధం ఏం లేదు. ఇనుము నిజంగానే ఉంది. ఎంత ఉందన్నదే గొడవ.

పట్టికలో అన్నిటికన్నా పైన, 'నూరు గ్రాములకి' అని ఒక వరుస ఉంటుంది. దాన్ని మాత్రం ఆయన చదివేవాడు కాదు, అక్కర్లేదనుకునేవాడు. పెట్టెలో ఏముందో పదిలోనూ అదే ఉంటుంది కదా! ముప్ఫై ఎనిమిదేళ్ళు పది పళ్ళు చూసి పెట్టె గుట్టు చెప్పిన మనిషికి, పది పళ్ళు తింటే పెట్టెడు బలం వస్తుందనడంలో వింతేమీ కనపడలేదు. పొరపాటే. కానీ ఈ పొరపాటు మామూలు మనుషులు చెయ్యలేరు. దీనికి ఎంతో అనుభవం కావాలి.

వంటలో కూడా ఆయన చెయ్యి ఆగదు. అక్క అటు తిరిగితే చాలు, గుప్పెడు కిస్మిస్‌లు గిన్నెలో పడేవి. ఉడుకుతున్న అన్నంలో, టమాటా కూరలో, ఆమ్లెట్‌లో. ఒకసారి టీలో కూడా వేశాడు, చల్లారాక కప్పు అడుగున బొద్దింకల్లా కనిపించాయి. నిజానికి ఎండుద్రాక్షని వండటం తెలిసింది అక్కకే. వెన్నలో సన్న మంట మీద వేసి, బుడగల్లా పొంగగానే దించేస్తే అన్నంలోకి ఎంత బాగుంటాయో, అర నిమిషం ఆలస్యమైతే ఎలా చేదెక్కుతాయో దానికి తెలుసు. పులుపెక్కువైన కూరలో చెంచాడు ద్రాక్ష ముద్ద కలిపితే చక్కెర వెయ్యకుండానే రుచి ఎలా సర్దుకుంటుందో తెలుసు. మాంసం కూర చిక్కబడటానికి ఉల్లిపాయతో పాటు నూరి వేస్తుంది. రొట్టె పిండిలో కలిపితే రెండో రోజుకి కూడా రొట్టె మెత్తగా ఉంటుంది. అది పండుగా నోటికి తగలనంతవరకూ అక్కకి అభ్యంతరం లేదు. చేత్తో ముట్టుకుంటుంది, నాలుకతో ముట్టుకోదు.

తొమ్మిదేళ్ళ కిందట అక్కకి కళ్ళు తిరగడం మొదలైంది. మెట్లెక్కితే ఆయాసం. పరీక్ష చేయిస్తే రక్తం ఏడు. డాక్టరు ఐరన్ మాత్రలు రాసింది. బావ ఆ చీటీ చూసి ఒంటికాలి మీద లేచాడు.

"ఇంట్లో పెట్టెల కొద్దీ ఇనుము పెట్టుకుని, మీ తమ్ముడి షాపులో తుప్పు కొనుక్కుని మింగుతావా?"

ఆ మర్నాటి నుంచీ ఆయనే తెల్లవారగానే లేచి, నానబెట్టిన పది పళ్ళు చిన్న స్టీలు గిన్నెలో పెట్టి, మంచం దగ్గరికి తెచ్చి ఇచ్చేవాడు. అంతకు ముందు ఇరవై ఏళ్ళలో ఆయన అక్కకి మంచం దగ్గరికి తెచ్చిచ్చింది ఏదీ లేదు, ఒక్కసారి కరెంటు పోతే కొవ్వొత్తి తప్ప. ఇచ్చేసి షెడ్డుకి పరుగెత్తేవాడు. ఆయన గుమ్మం దాటగానే అక్క ఆ పది పళ్ళూ గుడ్డ మీద వేసి వంటింటి కిటికీలో ఎండబెట్టేది. ఎండాక ఒక బిస్కెట్ల డబ్బాలో పోసేది. మధ్యాహ్నం కూరలకని బయల్దేరి నా షాపుకొచ్చి, దగ్గు మందుల అర వెనక నేను దాచిన మాత్ర ఒకటి మింగి వెళ్ళేది. ఖాళీ అట్టలు షాపులో వద్దని తనే పట్టుకెళ్ళేది.

ఆదివారం వచ్చిందంటే ఆ డబ్బాలో పళ్ళు నూరి రొట్టెలోనో మాంసం కూరలోనో కలిపేది. బావ రెండు ముక్కలెక్కువ తిని, "ఏం వేశావే దీంట్లో? చెయ్యి తిరిగిందే నీకు!" అనేవాడు. వారానికి డెబ్భై పళ్ళు. అక్క కోసం నానబెట్టినవన్నీ ఆయనే తిన్నాడు. దిట్టంగా ఉన్నాడంటే ఉండడూ?

మూడు నెలల తర్వాత రిపోర్టులో రక్తం పన్నెండుకి వచ్చింది. ఇక చెప్పేద్దాం అన్నాను నేను. అక్క తల అడ్డంగా ఊపింది.

"ఆ కాగితం చూసి ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడురా. ఇన్నేళ్ళూ ఎవడి సరుకో మంచిదనీ చెడ్డదనీ చెప్పడమే కదా ఆయన పని. తన చేత్తో ఒక మంచి జరిగిందనుకుంటున్నాడు. ఆ మొహం చూసి ఎలా చెప్పను?"

చెప్పలేదు. బావ ఆ పాత రిపోర్టుకీ కొత్త రిపోర్టుకీ ఫ్రేములు కట్టించి ముందు గదిలో గోడకి తగిలించాడు. వచ్చినవాడికల్లా చూపించేవాడు. షెడ్డులో కాడలేరే ఆడవాళ్ళందరికీ పది పళ్ళ వైద్యం చెప్పాడు. పదిపళ్ళాయన అన్న పేరు అప్పుడే వచ్చింది. డాక్టరు అప్పుడప్పుడూ మాత్రలు ఆపించేది, మళ్ళీ రాసేది. అక్క గుట్టుగా వాడేది. నేను నోరు మూసుకుని, నా షాపు ముందు నించుని నా మందులు దండగని ఆయన చెబుతుంటే తల ఊపేవాడిని. తొమ్మిదేళ్ళు. బామ్మర్దిగా పుట్టినందుకు ఇంతకన్నా ఏం చెయ్యాలో మీరే చెప్పండి.

ఈ ఏడు మా మేనకోడలికి నెల తప్పింది. అల్లుడు ఓడ మీద ఉన్నాడు కాబట్టి పుట్టింట్లోనే ఉంది. ఐదో నెలలో పరీక్ష చేస్తే రక్తం ఎనిమిదిన్నర. డాక్టరు అదే మాత్ర రాసింది. నేనే స్వయంగా పట్టుకెళ్ళి ఇచ్చాను. అమ్మాయి నాలుగు రోజులు మింగి, వికారంగా ఉందని డ్రాయర్లో పడేసింది. నాన్న రోజూ తెచ్చిచ్చే పది పళ్ళ గిన్నె మాత్రం ఖాళీ చేసేది. దానికి ఎండుద్రాక్ష ప్రాణం, అన్నిట్లోనూ నాన్న పోలికే.

నేనూరుకోలేదు. షాపుకి పిలిచి, నెమ్మదిగా నిజం చెప్పాను. మీ అమ్మకి రక్తం పట్టింది మాత్రలతో తల్లీ, పళ్ళతో కాదు అని. అమ్మాయి పకపకా నవ్వింది.

"మామయ్యా, నీ సరుకు అమ్ముకోవడానికి మా అమ్మని కూడా వాడేస్తావా? అమ్మ మాత్రలు మింగడం మేం ఒక్కరోజైనా చూశామా?"

ఇదెవరో కాదండీ, బళ్ళో లెక్కల టీచరు. పిల్లలకి శాతాలు, నిష్పత్తులు నేర్పిస్తుంది. నూరు గ్రాములకి ఇంతైతే పది పళ్ళకెంత అన్న లెక్క నాన్న గిన్నె ముందు మాత్రం దానికి తోచలేదు. సాయంత్రం అక్క కూడా చెప్పి చూసింది. "మామయ్య నీకు నేర్పించి పంపాడు కదూ" అని అమ్మాయి గోడ మీది ఫ్రేములు చూపించింది.

నెల తిరిగేసరికి రక్తం ఏడుకి పడింది. మెట్ల మీద ఒకసారి కళ్ళు తిరిగి కూలబడింది, కడుపు గోడకి కొట్టుకోవాల్సింది, పక్కింటావిడ పట్టుకుంది. డాక్టరు అక్కని పక్కకి పిలిచి గట్టిగా చెప్పింది. ఇంకో నెల ఇలాగే ఉంటే కాన్పు తల్లికీ బిడ్డకీ ప్రమాదమని, రక్తం ఎక్కించాల్సొస్తుందని. అక్క అక్కణ్ణుంచి తిన్నగా నా షాపుకొచ్చి, కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

"అది నా మాట వినదు, నీ మాట వినదు, డాక్టరు మాట వినదు. నాన్న చెబితే వింటుంది. ఆయన చెప్పాలంటే ముందు ఆయనకి తెలియాలి," అంది. "ఆయన తట్టుకోగలడంటావా?" అని అడిగింది.

తొమ్మిదేళ్ళుగా నేను ఎదురుచూస్తున్న రోజు అది. బావ గాలి తీసేసే రోజు. అయినా అది రాకపోతేనే బాగుండుననిపించింది.

ఆదివారం మధ్యాహ్నం. అమ్మాయి లోపలి గదిలో పడుకుని ఉంది. బావ ముందు గదిలో ఫ్రేముల కింద కుర్చీలో కూచుని పేపర్లో పదో లైను చదువుతున్నాడు. నేను కిటికీ దగ్గర స్టూలు మీద ఉన్నాను. అక్క వంటింట్లోంచి తెల్ల పళ్ళెం తెచ్చి ఆయన ముందు పెట్టింది. బిస్కెట్ల డబ్బా మూత తీసి, పది పళ్ళు లెక్కపెట్టి పళ్ళెంలో పరిచింది.

"ఇవి కాస్త చూసి చెప్పండి."

"ఎక్కడివి?"

"ముందు చూడండి."

పనంటే పనే. బావ పేపరు పక్కన పడేసి చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచాడు. చెయ్యి దూర్చడానికి అక్కడ పెట్టె లేదు, అయినా మడిచాడు. ఒక్కోదాన్నీ వెలుతురుకి ఎత్తి చూశాడు. వేళ్ళ మధ్య దొర్లించాడు. ఒకటి చెవి దగ్గర పెట్టుకుని నొక్కాడు. ఒకటి కొరికి మొహం చిట్లించాడు.

"పదికి పదీ పోయాయి," అన్నాడు. "ఇవి ఒకసారి నానబెట్టి మళ్ళీ ఎండబెట్టినవి. చూడు, ముడత సన్నగా లేదు, పలకలుగా ఉంది. సగం తీపి నీళ్ళలోకి పోయింది. పైగా బయట కళ్ళంలో ఎండలేదు, కిటికీలో ఎండాయి, ఒకవైపే రంగు తిరిగింది. ఎవడో వెధవ చేసిన మోసం ఇది. ఎవరిదే ఈ సరుకు?"

"మీదే," అంది అక్క.

డబ్బా వంచింది. పళ్ళ కింద నుంచి ఖాళీ మాత్రల అట్టలు గలగలా బల్ల మీద పడ్డాయి.

బావ అట్టల వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్ళీ అట్టల వంక చూశాడు. ఆయన దేనికైనా పది చూస్తాడు కదా, ఈసారి రెండు చూసేసరికే అర్థమైపోయింది. మెల్లిగా తలెత్తి గోడ మీది ఫ్రేములు చూశాడు. ఈ క్షణంలో ఏం అనాలో నేను తొమ్మిదేళ్ళుగా అనుకుని పెట్టుకున్నాను. మంచి మంచి మాటలు. ఒక్కటీ నోటికి రాలేదు. ఆయన మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచీ?"

"మొదటి రోజు నుంచీ."

"నేనిచ్చింది తినకూడదనా?"

"తినలేనండీ. నోట్లో పెట్టుకుంటే కడుపులో తిప్పుతుంది. మీరు మా ఇంటికొచ్చినప్పుడు అడిగారు చూడండి, ఇష్టమేనా అని. అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"మీరు నచ్చారు. పళ్ళు నచ్చలేదంటే లేచి వెళ్ళిపోతారేమోనని."

అక్క లోపలి గది వైపు చెయ్యి చూపించింది. "నన్ను ఎంతైనా తిట్టుకోండి, తర్వాత తిట్టుకోండి. దానికి రక్తం ఏడుకి పడింది. మాత్ర మింగమంటే ఆ గోడ చూపిస్తోంది. మీ మాట తప్ప వినదు. పిల్లకేమైనా అయితే నేను బతకనండీ."

ఆయన లేచి అలమరలోంచి ఎండుద్రాక్ష ప్యాకెట్ తీశాడు. వెనక్కి తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, పై వరుస పైకే చదివాడు. 'నూరు గ్రాములకి.' ఇనుము దగ్గర వేలు ఆపాడు. రెండు మిల్లీగ్రాములకి కొంచెం తక్కువ. తూకం సంగతి ఆయనకి ఒకళ్ళు చెప్పక్కర్లేదు.

"పది పళ్ళు ఐదు గ్రాములు," అన్నాడు తనలో తను. పెదాలు కదిలాయి. "మాత్రలో ఎంత ఉంటుంది బామ్మర్దీ?"

"అరవై మిల్లీగ్రాములు బావా."

"అంటే ఒక్క మాత్రకి మూడు కిలోల పళ్ళు."

"మూడు కిలోలు తింటే మనిషి బతకడు," అన్నాను నేను. ఎందుకన్నానో నాకే తెలీదు. ఊరుకోలేక అన్నాను.

బావ ప్యాకెట్ బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని బయటికెళ్ళిపోయాడు. వేసుకున్నవి నా చెప్పులు. ఆయనవి నాకు రెండంగుళాలు పెద్ద, ఈడ్చుకుంటూ షాపుకి వెళ్ళాను.

మర్నాడు ఏడింటికల్లా అక్క ఇంటికెళ్ళాను. ఆయన తిరిగొచ్చాడో లేదో, వస్తే మాట్లాడాడో లేదో అని భయం. బావ వంటింట్లో ఉన్నాడు. నన్ను చూసి, "నీ చెప్పులు కరిచాయి" అని మాత్రం అన్నాడు. ఆయన ముందు రెండు స్టీలు గిన్నెలున్నాయి. ఒకటి తీసుకుని కూతురి గదిలోకి వెళ్ళాడు. అక్కా నేనూ గుమ్మంలో నిలబడ్డాం.

గిన్నెలో నానిన పళ్ళు గుండ్రంగా పేర్చి ఉన్నాయి. నడుమ ముదురెరుపు మాత్ర.

"ఇదేంటి నాన్నా?"

"పదకొండో పండు. నమలకుండా మింగు."

"ఇది పండు కాదు, మాత్ర."

"పండు సంగతి నాకు చెబుతున్నావా?" అన్నాడు బావ.

అమ్మాయి బిక్కమొహం వేసింది. ఆయన మంచం అంచున కూచున్నాడు. "లెక్క తప్పానమ్మా. పది సరిపోవు. మీ అమ్మ తొమ్మిదేళ్ళుగా పదకొండోది మింగుతూనే ఉంది, నాకు నిన్ననే తెలిసింది. ఆ గోడ మీదిది నా ఘనత కాదు. మింగు."

అమ్మాయి తల్లి వంక చూసింది. అక్క తల ఊపింది. ముందు నాలుగు పళ్ళు నమిలి, మాత్ర మింగి, మిగతా ఆరూ తిని, నీళ్ళు తాగింది. బావ దాని గొంతు వంకే చూస్తూ కూచున్నాడు.

"నోరు తెరువు," అన్నాడు. తెరిచింది. పెట్టెలోకి చూసినట్టు అటూ ఇటూ చూశాడు. "ఊఁ, మొదటి రకం," అని లేచాడు.

ఇక వీధిలో తలెత్తుకోలేడనీ, కొన్నాళ్ళు నోరు కట్టేసుకుంటాడనీ నేననుకున్నాను. మా బావ సంగతి నాకింకా తెలీదన్నమాట. వారం తిరక్కుండా షెడ్డులో ఆడవాళ్ళందరినీ బల్ల దగ్గర నిలబెట్టి, "ఇన్నాళ్ళూ పదన్నాను, తప్పు చెప్పాను. పదకొండు. పదకొండోది డాక్టరు చూసి రాయాలి, మా బామ్మర్ది షాపులో దొరుకుతుంది" అని ప్రకటించాడు. గోడ మీది ఫ్రేములు తీసేస్తాడనుకున్నాను. తియ్యలేదు. రెండింటి నడుమ మేకు కొట్టి ఒక ఖాళీ అట్ట తగిలించాడు. ఇప్పుడు నా షాపుకి చీటీ పట్టుకొచ్చే ఆడవాళ్ళు ఐరన్ మాత్రలని అడగరు. పదకొండో పండు ఇవ్వండి అంటారు. ఇస్తున్నాను.

రెండు నెలలకి అమ్మాయి రక్తం పదకొండు దగ్గరికొచ్చింది. బావ రిపోర్టు పట్టుకుని తిన్నగా నా షాపుకొచ్చాడు. ఇన్నాళ్ళకైనా నా మందుని ఒక్క మాట మెచ్చుకుంటాడని కౌంటరు తుడుచుకుని నిలబడ్డాను.

"మాత్ర బాగానే పని చేసిందోయ్," అన్నాడు.

"మరేమనుకున్నావు బావా!"

"కానీ ఒక మాట అడుగుతాను. నువ్వు ఉత్త మాత్ర ఇచ్చినప్పుడు నెలంతా డ్రాయర్లో పడుందా లేదా? నేను పది పళ్ళ మధ్యలో పెట్టిచ్చాను. మింగిందా లేదా? వికారం కూడా లేదంది." రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మందులో ఏముందో నీకు తెలుసు. ఎలా లోపలికి పంపాలో నాకు తెలుసు."

జవాబు కోసం వెతుక్కున్నాను. దగ్గు మందుల అర వెనక కూడా దొరకలేదు. ఆయన వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి ముక్కు తుడుచుకున్నాడు, అటు తిరిగే తుడుచుకున్నాడు.

ఆ రోజు పొద్దున రెండో గిన్నె సంగతి చెప్పలేదు కదూ. అప్పటికి అక్క మళ్ళీ మాత్రలు వాడుతోంది. అమ్మాయి గదిలోంచి వచ్చాక బావ ఆ రెండో గిన్నె తెచ్చి అక్క ముందు పెట్టాడు. అందులో మాత్ర ఒక్కటే ఉంది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి దాచుకోకుండా, మొగుడి ఎదురుగా మింగొచ్చు. నేనైతే సంతోషించాను.

అక్క గిన్నెని అటూ ఇటూ వంచి చూసింది.

"పళ్ళేవండీ?"

"తినవుగా."

"తినను," అంది అక్క. "అయినా పెట్టండి."

బావ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళాడు. గట్టు మీద మూత ఎత్తాడు. అక్క వంతు పది పళ్ళు దాని కింద నాని ఉన్నాయి.